కేసు షీటులో ఒక మాట

ఈ విషయం మీద రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే: ఇందులో నేను తప్పు చేశాను. నలభై యేళ్ళు వైద్యం చేసి, అందులో సగం కాలం విద్యార్థులకు పాఠం కూడా చెప్పి, ఇప్పుడు ఇంటిపట్టున ఉంటున్నవాణ్ణి. స్వలింగ ప్రేమను గురించి సాహిత్యంలో ఏం వచ్చిందో, సమాజశాస్త్రంలో ఏం వచ్చిందో చెప్పగల పాండిత్యం నాకు లేదు. కాని దాన్ని గురించి డాక్టర్లకు ఏం తెలుసో, ఏం తెలియదో, తెలియనిది తెలిసినట్టుగా ఎలా చెలామణి అవుతుందో మటుకు లోపలినుంచి చూశాను.

2024లో వినాయక చవితికి మా మనుమరాలు హాస్టలునుంచి రెండు రోజులు ముందే వచ్చింది. మెడికల్ కాలేజీలో మూడో సంవత్సరం చదువుతున్నది. ఫోరెన్సిక్ మెడిసిన్ పరీక్ష బెంగ పట్టుకుని ఉన్నది. ఆ ఆగస్టు 31న జాతీయ వైద్య కమిషన్ ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళికను సవరించి విడుదల చేసింది. అందులో ఫోరెన్సిక్ భాగంలో, 'అసహజ లైంగిక నేరాలు' అన్న శీర్షిక కింద, సోడొమీ, లెస్బియనిజం అనే రెండు మాటలు మళ్ళీ చేరాయి. మళ్ళీ అని ఎందుకంటున్నానంటే, 2022లో వాటిని తీసివేస్తున్నామన్నది ఆ కమిషనే.

"తాతయ్యా, ఇంతకీ ఇవి చదవాలా, అక్కర్లేదా?" అని అడిగింది మా మనుమరాలు.

దేశంలో నాలుగు మూలలనుంచీ ఆక్షేపణలు వచ్చినమీదట, సెప్టెంబరు 5న, అంటే సరిగ్గా ఉపాధ్యాయ దినోత్సవం నాడు, కమిషన్ ఆ ప్రణాళికను వెనక్కి తీసుకున్నది. వారం తిరిగేసరికి ఆ మాటలు లేకుండా మరొకటి వెలువడింది. "హమ్మయ్య, రెండు పేజీలు తగ్గాయి" అన్నది మనుమరాలు.

నాకు నవ్వు రాలేదు. ఐదు రోజులు నేరమైనది ఆరో రోజున నేరం కాకుండా పోతే, ఆ పిల్లకు కనిపించిన తేడా పేజీల లెక్కే. ఇందులో ఆమెను తప్పు పట్టడానికి లేదు. మేం మేష్టర్లం ఆమెకు నేర్పింది అంతే.

వైద్య విద్యార్థులకు ఇలాంటి మనుషుల గురించి ఏమీ తెలియదని, తెలియజెబితే సరిపోతుందని కొందరంటారు. నేనలా అనుకోను. నిజంగా ఏమీ తెలియకపోతే పని సులువు. ఖాళీ పలక మీద రాయడమెంతసేపు? కాని ఆ పలక ఖాళీగా లేదు. దాని మీద ఇదివరకే ఒక రాత ఉన్నది. అది పరీక్షలో మార్కులు తెచ్చిపెట్టిన రాత గనక ఒక పట్టాన చెరగదు.

ఆ రాత ఎక్కణ్ణుంచి వచ్చిందో చెబుతాను. 1857లో, మన దేశంలో సిపాయిలు తెల్లదొరల మీద తిరగబడిన ఏడాదే, పారిస్‌లో ఆంబ్రువాజ్ తార్డియూ అనే ఫోరెన్సిక్ వైద్యుడు లైంగిక నేరాల మీద ఒక గ్రంథం ప్రచురించాడు. పురుషులతో సంపర్కం గల పురుషుణ్ణి శరీర పరీక్షతోనే పట్టుకోవచ్చునని, మలద్వారం గరాటు ఆకారానికి తిరిగి ఉంటుందని, ఇంకా ఇలాంటి గుర్తులే కొన్ని అందులో రాశాడు. ఆయన పరీక్షించినవాళ్ళు పోలీసులూ కోర్టులూ ఆయన ముందుకు పంపినవాళ్ళు. మరి మూడేళ్ళకు, 1860లో, మెకాలే చిత్తుప్రతి ఆధారంగా ఇండియన్ పీనల్ కోడ్ చట్టమైంది. అందులో 377వ సెక్షన్ 'ప్రకృతి విరుద్ధ' సంపర్కాన్ని నేరం చేసింది. పారిస్‌లో పుట్టిన గుర్తులూ, కలకత్తాలో పుట్టిన సెక్షనూ కలిసి మన ఫోరెన్సిక్ పుస్తకంలో ఒకే అధ్యాయంగా స్థిరపడ్డాయి.

డెబ్భైల్లో నేనూ ఆ అధ్యాయం చదివాను. మౌఖిక పరీక్షలో గరాటును గురించి గడగడా అప్పజెప్పాను. పరీక్షకుడు "శభాష్" అన్నాడు. ఆయన చూడలేదు, నేను చూడలేదు, ఆయనకు పాఠం చెప్పినాయనా చూసి ఉండడు. ఉప్పూ మిరపకాయలతో దిష్టి తీసే ముసలమ్మను చూసి మేం నవ్వేవాళ్ళం. మూఢవిశ్వాసం పాఠ్యపుస్తకంలో అచ్చయితే దానికి ఆ పేరుండదు. 'లక్షణములు' అని శీర్షిక వేసి, కింద అంకెలు వేసి ఇస్తారు. ఇలాంటి బలవంతపు పరీక్షలకు శాస్త్రీయమైన ఆధారం లేదని, డాక్టర్లు వాటిలో పాల్గొనరాదని ప్రపంచ వైద్య సంఘం 2017లో గాని తీర్మానించలేదు. మన దేశంలో సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6న, యుక్తవయస్కుల పరస్పరాంగీకారంతో జరిగేదానికి 377 వర్తించదని తీర్పు ఇచ్చింది. 2024 జూలై 1నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో అసలు అలాంటి సెక్షనే లేదు. అంచేత ఆ ఆగస్టు 31న మన వైద్య విద్యార్థులను చదవమన్నది శిక్షాస్మృతిలో లేని నేరాన్ని గురించి!

చవితి వెళ్ళిన తరవాత ఒక ఆదివారం మనుమరాలి స్నేహితులు, ఆడపిల్లలూ మగపిల్లలూ కలిపి తొమ్మండుగురు, మా ఇంటికి భోజనానికి వచ్చారు. భోజనాలయ్యాక చిన్న చీటీలు పంచి, నాలుగు ప్రశ్నలడిగి, పేరు పెట్టకుండా జవాబులు రాయమన్నాను. ఇది పరిశోధన కాదు. పదవీ విరమణ చేసినా చావని మేష్టరు చాపల్యం. దీన్నిబట్టి దేశంలోని వైద్య విద్యార్థులంతా ఇలాగే ఉన్నారని నేను వాదించబోవడం లేదు. ఈ తొమ్మిది చీటీలు నాకు తెలియజెప్పినదేమిటో అంతవరకే చెబుతాను.

"స్వలింగ ప్రేమికుల పట్ల మీ అభిప్రాయమేమిటి?" అన్నదానికి దాదాపు అందరూ, ద్వేషం లేదని, వాళ్ళ బతుకు వాళ్ళిష్టమని రాశారు. నాకు సంతోషం కలిగింది. మా రోజుల్లో అయితే చీటీల మీద బూతుమాటలు వచ్చి ఉండేవి. "వాళ్ళు అలా కావడానికి కారణమేమిటి?" అన్న రెండో ప్రశ్నతో సంతోషం తగ్గింది. హార్మోన్ల లోపమని ఇద్దరు రాశారు. చిన్నతనంలో ఎవరో పాడుచేసి ఉంటారని ఒకరు, హాస్టలు సహవాసమని ఒకరు. మరొకరు హిజ్రాలను గురించి అరపేజీ రాశారు. తాను స్త్రీనా పురుషుడా అన్నది ఒక విషయం, ఎవరిని ప్రేమిస్తాననేది వేరొక విషయం అన్న తేడా ఆ పిల్లవాడికి ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. "వాళ్ళది జబ్బా?" అన్నది మూడో ప్రశ్న. కాదని నలుగురు రాశారు; అందులో ఒకరు, 1973లో అమెరికన్ మనోవైద్య సంఘం జబ్బుల జాబితానుంచి దాన్ని తొలగించిన సంగతి కూడా రాశారు. మిగతావాళ్ళు "పూర్తిగా జబ్బు కాదు గాని" అంటూ మొదలుపెట్టారు.

నాలుగో ప్రశ్న ఇది: "ఒక తండ్రి కొడుకును తీసుకొచ్చి, వీణ్ణి మార్చండి డాక్టరు గారూ అంటే, వాళ్ళకు మీరేం చేస్తారు?" జబ్బు కాదన్నవాళ్ళతో సహా చాలామంది ఏదో ఒకటి చేస్తామన్నారు. కౌన్సెలింగ్ ఇచ్చి చూస్తామని, సైకియాట్రీకి రాసి పంపుతామని రాశారు. "పెళ్ళయితే సర్దుకోవచ్చు" అని కూడా ఒక చీటీలో ఉన్నది. అలా మార్చడానికి పూనుకోవడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన అని 2022లో జాతీయ వైద్య కమిషన్ రాష్ట్రాల వైద్య మండళ్ళకు రాసింది. ఆ సంగతి ఆ గదిలో ఒక్కరికీ తెలియదు.

ఇక్కడ నాకు బోధపడిందేమిటంటే, దయా అజ్ఞానమూ ఒకే మనిషిలో హాయిగా కాపరం చెయ్యగలవు. పైపెచ్చు ఆ రెంటి కలయిక వల్లే ఎక్కువ ప్రమాదం. ద్వేషించే డాక్టరు రోగిని బయటికి పంపేస్తాడు. జాలిపడే డాక్టరు చికిత్స మొదలుపెడతాడు. మా ప్రొఫెసరు గారు జాలిపడేవారు.

1979లో నేను కోస్తా జిల్లాల్లోని ఒక పెద్ద ఆస్పత్రిలో హౌస్ సర్జన్ని. మానసిక వైద్య విభాగంలో నా వంతు నడుస్తున్నది. ఒక రైతు తన కొడుకును తీసుకుని వచ్చాడు. కుర్రవాడికి ఇరవై నాలుగేళ్ళు, ఎలిమెంటరీ స్కూల్లో టీచరు. వచ్చిన సంబంధమల్లా తప్పించుకుంటూ వచ్చి, ఆఖరుకు తల్లితో ఉన్నమాట చెప్పేశాడట. తండ్రి కొట్టలేదు, తిట్టలేదు. "ఎన్నాళ్ళయినా ఉంటాం బాబూ, వీణ్ణి బాగుచెయ్యండి" అని చేతులు జోడించాడు. మా ప్రొఫెసరు గారు బీదవాళ్ళకు సొంత డబ్బుతో మందులు కొనిపెట్టే మనిషి. ఆయన కళ్ళు చెమర్చాయి.

అప్పటికి పాశ్చాత్య దేశాల్లో చేస్తూ వచ్చిన చికిత్స ఒకటుంది. చీకటి గదిలో గోడ మీద మగవాళ్ళ బొమ్మలు వేసి, రోగి ముంజేతికి తీగలు చుట్టి, బొమ్మ పడ్డప్పుడల్లా విద్యుత్తు దెబ్బ తగిలిస్తారు. ఆడవాళ్ళ బొమ్మ పడ్డప్పుడు దెబ్బ ఉండదు. మీట నా చేతిలో ఉండేది. పన్నెండు రోజులు చేశాం. మూడో రోజునుంచి ఆ కుర్రవాడు నేను అడగకుండానే చొక్కా చెయ్యి పైకి మడిచి ముంజెయ్యి చాపేవాడు. అయిపోయాక "వస్తానండి" అని చెప్పి మరీ వెళ్ళేవాడు. పన్నెండో రోజున ప్రొఫెసరు గారు "ఎలా ఉందోయ్?" అని అడిగితే "బాగుందండి" అన్నాడు. రోజూ కరెంటు దెబ్బలు తినేవాడు మరేమంటాడు? నేను కేసు షీటులో, మెరుగైంది, అని రాశాను. ఇంగ్లీషులో ఒక్క మాట. తండ్రి ఏదైనా కాగితం ఇప్పించమంటే ఆ మాటనే ఒక కాగితం మీదకు ఎత్తి రాసి ముద్ర వేసి ఇచ్చాను. ఆయన దాన్ని కళ్ళకద్దుకుని జేబులో పెట్టుకున్నాడు.

రెండేళ్ళ తరవాత అదే ఆస్పత్రిలో నేను జనరల్ మెడిసిన్‌లో పై చదువు చదువుతుండగా ఒక అమ్మాయి ఓ.పి.కి వచ్చింది. తలనొప్పి, నిద్రపట్టదు. చీటీ మీద భర్త పేరు, ఊరు చూశాను. భర్త టీచరేనా అని అడిగితే ఔనన్నది. పెళ్ళయి ఏడాదిన్నర అయింది. "ఆయన చాలా మంచివారండి, ఒక్కమాట కూడా అనరు. నాలోనే ఏదో లోపం ఉందేమో చూడండి డాక్టరు గారూ" అన్నది.

నేను రక్తపరీక్షలు రాశాను. అన్నీ సవ్యంగా వచ్చాయి. "నీలో లోపమేమీ లేదమ్మా" అని చెప్పి బలానికి టానిక్కు రాసిచ్చాను. నేను చెప్పింది నిజమే గాని ఆమెకు అక్కరకొచ్చే నిజం కాదు. ఆమె మళ్ళీ రాలేదు. ఆ ఇద్దరూ ఏమయ్యారో నేను వాకబు చెయ్యలేదు. చెయ్యకపోవడానికి కారణం తీరిక లేకపోవడం కాదు, భయం.

నా తరపున వాదించుకోదలిస్తే వాదన లేకపోలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో 1979లో స్వలింగ ప్రేమ ఇంకా ఉన్నది. దాన్ని తొలగించే నిర్ణయం జరిగింది 1990 మే 17న. భారత మనోవైద్య సంఘం ఇది జబ్బు కాదని బాహాటంగా ప్రకటించింది 2018లో. అంచేత నేను నా కాలపు శాస్త్రాన్నే పాటించానని చెప్పుకోవచ్చు. కాని అమెరికన్ సంఘం తీర్మానానికి అప్పటికే ఆరేళ్ళు నిండాయి. ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు, మేమూ ఎవరినీ అడగలేదు. మెరుగైన రోగులను చూస్తున్నామనుకున్నాం గాని, మా దగ్గరికి రానివాళ్ళు ఎలా బతుకుతున్నారన్న ప్రశ్న మా బుర్రల్లో పుట్టలేదు.

ఆ ప్రశ్న పుట్టిన మనిషి ఎవెలిన్ హూకర్. లాస్ ఏంజిలిస్‌లో మనస్తత్వశాస్త్రం బోధించేది. ఆమె దగ్గర చదువుకున్న యువకుడొకడు తన స్నేహితులను ఆమెకు పరిచయం చేసి, మాలాంటివాళ్ళను పరిశీలించడం మీ విధి అని పట్టుబట్టాడు. ఆమె ఆస్పత్రులకూ జెయిళ్ళకూ పోలేదు. మామూలుగా ఉద్యోగాలు చేసుకుని బతికే 30 మంది స్వలింగ ప్రేమికులైన పురుషులను, వయసులోనూ చదువులోనూ వాళ్ళకు సరితూగే మరో 30 మంది పురుషులను తీసుకుని, సిరామరకల పరీక్షవంటివి జరిపి, పేర్లు లేకుండా ఫలితాలను నిపుణుల ముందు పెట్టింది. ఎవరు ఎవరో నిపుణులు పోల్చుకోలేకపోయారు. మానసికమైన నిలకడలో రెండు గుంపులకూ తేడా కనిపించలేదు. ఇది ప్రచురణ అయింది 1957లో. తార్డియూ గ్రంథానికి సరిగ్గా నూరేళ్ళు. పోలీసులు తెచ్చినవాళ్ళనే చూసిన డాక్టరుకు నేరం కనిపించింది. తండ్రులు తెచ్చినవాళ్ళనే చూసిన మాకు జబ్బు కనిపించింది. ఆమె బయటికి వెళ్ళి చూసింది గనక మనుషులు కనిపించారు. ఆమె చేత చూపించినవాడు ఒక విద్యార్థి అన్న సంగతి మేష్టర్లు మరవకూడదు.

ఇంతసేపూ నేను ఎనిమిది చీటీల సంగతే చెప్పాను. తొమ్మిదోదానిలో జవాబులు లేవు. ఇలా ఉన్నది: "మీ ప్రశ్నలన్నిట్లోనూ వాళ్ళు, వాళ్ళు అని ఉంది. ఈ గదిలో ఎవరూ లేరని మీకెవరు చెప్పారు సార్?"

మిగతా చీటీలన్నీ పైకి చదివాను. దీన్ని మటుకు మడిచి జేబులో పెట్టుకున్నాను. పైకి చదివితే పిల్లలు ఒకరి మొహాలొకరు వెతుక్కుంటారు. చేతిరాతను పోల్చుకునే ప్రయత్నం నేను చెయ్యలేదు. కాని ఆ రాత్రి నిద్రపట్టలేదు. నలభై యేళ్ళ తరవాత బుద్ధి తెచ్చుకున్నాననుకుంటున్న నేను, ఆ పిల్లలను కూర్చోబెట్టి, డాక్టర్లు ఒక జాతి, 'వాళ్ళు' మరో జాతి అన్నట్టుగానే ప్రశ్నలు తయారుచేశాను. 1972లో అమెరికన్ మనోవైద్యుల వార్షిక సభలో జాన్ ఫ్రయర్ అనే వైద్యుడు మొహానికి ముసుగు తొడుక్కుని, గొంతు మార్పించే మైకులో, తానూ స్వలింగ ప్రేమికుణ్ణేనని, మనోవైద్యుణ్ణని చెప్పాడు. జబ్బు ఎవరిదో తేల్చడానికి కూర్చున్న సభలోనే ఆ 'రోగి' సభ్యుడుగా కూర్చుని ఉన్నాడు. ముసుగు లేకుండా చెబితే ఉద్యోగం పోయే రోజులవి. మరుసటి ఏడాదే జాబితానుంచి ఆ జబ్బు పోయింది. మా ఇంట్లో ఆ చీటీకి పేరు లేదంటే ఆ ముసుగు అవసరం ఇంకా తీరలేదన్నమాట.

తెలియదని ఒప్పుకోవడం పెద్దవాళ్ళకు కష్టమైన పని. అందుకే మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి ఎన్. ఆనంద్ వెంకటేశ్ 2021లో చేసిన పని నాకు గొప్పగా తోస్తుంది. పెద్దలకు జడిసి పారిపోయి వచ్చిన ఇద్దరు యువతులు రక్షణ కోరితే, ఈ విషయంలో తన మనసులోనూ పాతభావాలున్నాయని ఆయన బాహాటంగా చెప్పి, తీర్పుకు ముందు ఒక మనస్తత్వ నిపుణురాలి దగ్గర కూర్చుని పాఠం చెప్పించుకున్నాడు. ఆ తరవాతే జూన్ 7న ఉత్తర్వులిచ్చాడు. ఆ కేసు సాగుతుండగానే వైద్య పాఠ్యపుస్తకాల సంగతి చర్చకు వచ్చింది. ఆ అక్టోబరులో కమిషన్ కించపరిచే రాతలు మానమని కాలేజీలకు సలహా ఇచ్చింది. డాక్టర్లకు వాళ్ళ పాఠాన్ని దిద్దుకోమని చెప్పవలసివచ్చినవాడు న్యాయమూర్తి! అది మాకు సిగ్గుచేటు.

తరవాతి నెలలో ఆ పిల్లలే మళ్ళీ వచ్చారు. ఈసారి చీటీలు పంచలేదు. నా కేసు షీటు కథ చెప్పాను. నమ్రతగా, ఏమీ దాచకుండా చెప్పాను. అందరూ కాసేపు మాట్లాడలేదు. చివరకు ఒక అమ్మాయి, "ఆవిడ వచ్చిన రోజున మీరేం చెప్పి ఉండవలసింది సార్?" అని అడిగింది.

గంటసేపు వాదించుకున్నారు. భర్త రహస్యం డాక్టరు దగ్గర ఉన్నది, అతని అనుమతి లేకుండా భార్యకు చెప్పకూడదని ఒకడు. ఆమె బతుకు ఏమైనా సరేనా అని మరొకతె. భర్తను కబురుపెట్టి పిలిపించి, మేం తప్పు చేశాం, నీలో జబ్బు లేదని ముందు అతనికి చెప్పవలసింది, ఆపైన భార్యకు చెప్పుకునే ధైర్యం అతనికే వచ్చేదేమో అని ఇంకొకడు. అది నాకు నలభై యేళ్ళలో తోచలేదు. పెళ్ళికాకముందే పాఠం మొదలు కావలసింది, అసలు ఆ మీట దగ్గరే ఎవరో ఒకరు ఆగవలసింది అన్నది మా మనుమరాలు. ఈసారి పేజీల లెక్క గురించి ఎవరూ అడగలేదు.

మాటల్లో ఒకడు స్త్రీల ఓ.పి. ప్రస్తావన తెచ్చాడు. అక్కడ మేం మొదట అడిగేది "పెళ్ళయిందా?" రెండోది "పిల్లలెంతమంది?" కాలేదని చెప్పిన స్త్రీ దగ్గర మా ప్రశ్నలు అయిపోతాయి. ఆమెకు తోడెవరున్నారో, ఎవరితో బతుకుతున్నదో, రాత్రి నిద్రపడుతున్నదో లేదో కేసు షీటులో గడి ఉండదు. ఆ ప్రశ్న ఎలా అడిగితే మనిషి జడవకుండా జవాబు చెబుతుందో ఆ పిల్లలు తెలుగులో నాలుగు రకాలుగా చెప్పి చూసుకున్నారు. "ఇంట్లో మీకు తోడుగా ఎవరుంటారండీ?" అన్నది అందరికీ నచ్చింది.

వెళ్ళేటప్పుడు అందరూ "వస్తాం సార్" అన్నారు. ఆ తొమ్మండుగురిలో ఆ చీటీ రాసినవారెవరో నాకు ఇప్పటికీ తెలియదు. వాళ్ళు కూడా వాదనలో పాల్గొని ఉంటారు. రేపు మన ఊళ్ళల్లో ఆస్పత్రి బల్లకు ఆవతల కూర్చునేదీ, ఈవతల కూర్చునేదీ ఈ పిల్లలే. నేను పట్టుకున్న మీట వీళ్ళు పట్టుకోకుండా ఉంటే, నా చేతితో రాసిన ఆ ఒక్క మాటకు అంతమటుకు ప్రాయశ్చిత్తం జరిగిందనుకుంటాను. మిగతాది తీర్చగలిగేది కాదు.